క్వారంటైన్‌లో ఉన్నవారు తమ హక్కులను కాపాడుకోవడం ఎలా?

మహమ్మారి కాలంలో అధికారులు ఇంటికి వచ్చి బయటకు రావద్దన్నప్పుడు, ఇరుగుపొరుగువారి ప్రాణాల కోసం ఆ మాట పాటించాలి. పాటిస్తూనే రాతపూర్వక ఉత్తర్వు అడగాలి. దాన్ని 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద ఇచ్చారా, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చారా, ఎవరెవరికి వర్తిస్తుంది, సంతకం చేసిన అధికారి హోదా ఏమిటి అన్నవి చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ముగింపు తేదీ. అది లేని ఉత్తర్వును నిర్బంధంగానే భావించాల్సి వస్తుంది గనుక, తేదీ వేయించుకునే వరకు అడగడం మానకూడదు. కాగితం ఇవ్వకపోతే, వచ్చినవారి హోదా, వచ్చిన సమయం, చెప్పిన మాటలు అదే రోజు రాసి పెట్టుకుని, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షత వహించే కలెక్టరుకు బంధువుల ద్వారా వినతిపత్రం పంపి, రసీదు తీసుకోవాలి.

పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాల ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలకు తెలుగు కాగితం చేతికిస్తే సరిపోదు. వారి భాషలో చెప్పించమని స్థానికులే పట్టుబట్టాలి. ఆ పని వాళ్లంతట వాళ్లు చేయించుకోగలరని అనుకోవడం అన్యాయం.

క్వారంటైన్ కేంద్రానికి తరలించినప్పుడు ఫిర్యాదులో "వసతులు బాగాలేవు" అని రాస్తే ఎవరూ కదలరు. "రెండో అంతస్తులో నిన్న రాత్రి నుంచి నీళ్లు లేవు, ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ లేదు, షుగరు ఉన్న వృద్ధురాలికి ఉదయం ఇన్సులిన్ అందలేదు" అని రాయాలి. సహాయ శిబిరాల్లో ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలుండాలని విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. సహాయం అందించడంలో కులం, మతం, లింగం ఆధారంగా వివక్ష చూపరాదని 61వ సెక్షన్ చెబుతుంది. వినతిలో ఈ రెండింటినీ ప్రస్తావించాలి.

ఇంటి తలుపుకు పోస్టరు అంటించి పేర్లు బయటపెడితే, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తు చేయాలి. విపత్తు నిర్వహణ చట్టం కింద సంబంధిత అధికార సంస్థ ఆదేశం లేకుండా అలా అంటించరాదని కోర్టు చెప్పింది. నిబంధన ఉల్లంఘించినవారిపై కేసు పెట్టవచ్చు గాని, లాఠీతో కొట్టే అధికారం ఏ చట్టమూ ఇవ్వదు. దెబ్బలు తగిలితే వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వాసుపత్రిలో గాయాలను నమోదు చేయించుకోవాలి.

సమాచారం దాచిపెడుతున్నారనిపిస్తే, జీవితానికీ స్వేచ్ఛకూ సంబంధించిన విషయమని స్పష్టంగా రాసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి; అప్పుడు 48 గంటల్లో జవాబు ఇవ్వాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు. గడువు ముగిసినా వదలకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్న వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరేది) వేయించాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే, ఘటన జరిగిన ఏడాదిలోగా చేయాలి.