పాతకాలపు జపాన్ చిట్టి కార్లు – 4వ పాఠం: ముందు ప్లగ్గులు లెక్కపెట్టండి

కిందటి పాఠంలో కెయి కార్ల, అంటే జపాన్ చిట్టి కార్ల తరగతి కొలతలు చూశాం. 1950ల మధ్య నుంచి 1975 దాకా జపాన్‌లో ఈ తరగతి బండి పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు, ఇంజన్ 360 సీసీ దాటకూడదు. ప్రతి కంపెనీ అదే చట్రంలో బండిని ఇరికించాల్సి వచ్చింది కాబట్టి ఫొటోలో చూస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. ఈ పాఠంలో పని రెండు రకాలు: అది ఏ బండో తేల్చాలి, జపాన్ దాటి ఏ దారిన బయటికొచ్చిందో తేల్చాలి.

పేరు బిళ్లని చూసి మోసపోకండి. యాభై అరవై ఏళ్లలో బిళ్లలు, బంపర్లు, హెడ్‌లైట్లు ఎన్ని చేతులు మారి ఉంటాయో! ఇంజన్ ఉండే చోటు మాత్రం ఎవరూ మార్చలేరు. అందుకని ముందు అది ముందుందా వెనకుందా చూడండి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌కి ఒకటి) లెక్కపెట్టండి.

ఇంజన్ వెనకుండి నాలుగు ప్లగ్గులు కనిపిస్తే, అది 1962లో వచ్చిన మాజ్డా కారొల్. 358 సీసీలో నాలుగు సిలిండర్లు, పైగా నీటితో చల్లబడే ఇంజన్. అంత చిన్న ఇంజన్‌కి అంత హంగు అవసరమా అంటే, నా మటుకు నాకు అనవసరమే. వెనక అద్దం పైనుంచి కిందికి లోపలికి వాలి ఉంటుంది కాబట్టి దీన్ని ఇంజన్ మూత తెరవకుండానే గుర్తుపట్టొచ్చు. మూడు ప్లగ్గులుంటే 1967 నాటి సుజుకి ఫ్రాంటె, టూ స్ట్రోక్.

రెండు ప్లగ్గులుంటేనే అసలు చిక్కు. రెండు సిలిండర్లు 'వి' ఆకారంలో విడిపోయి ఉంటే 1960 నాటి మాజ్డా ఆర్360 కూపే, ఫోర్ స్ట్రోక్. పక్కపక్కనే నిలబడి ఉంటే చాలావరకు సుబారు 360. ఇది టూ స్ట్రోక్. స్టార్ట్ చేయనిస్తే చెవికే తెలిసిపోతుంది. యమహా ఆర్ఎక్స్ 100 బైకు నడిపినవాళ్లకి ఆ చప్పుడు, ఆ నీలి పొగ విడిగా చెప్పక్కర్లేదు.

సుబారు 360 దగ్గర కాసేపు ఆగుదాం. 1958లో వచ్చింది, ఇంజన్ 356 సీసీ, చక్రాలు 10 అంగుళాలు. తలుపు మడతబందులు వెనక వైపు ఉంటాయి, అంటే తలుపు ముందు నుంచి తెరుచుకుంటుంది. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే పక్క రేకుకి పెట్టి చూడండి, అతుక్కుంటుంది. అదే పైకప్పు మధ్యలో పెడితే జారిపోతుంది. బరువు తగ్గించడానికి ఆ భాగాన్ని ఫైబర్‌తో చేశారు. అక్కడ కూడా అతుక్కుంటే, ఎవరో రేకుతో మరమ్మతు చేసి ఉంటారన్న అనుమానంతో చూడండి.

ఇంజన్ ముందుంటే? రెండు సిలిండర్లు, గాలితో చల్లబడే ఫోర్ స్ట్రోక్ అయితే చాలావరకు 1967లో వచ్చిన హోండా ఎన్360. టూ స్ట్రోక్ అయితే 1955లో మొదలైన సుజులైట్ వైపు వెతకండి.

ఇక దారి సంగతి. ఈ కాలం జపాన్ బండ్ల మీద ఇప్పటిలా 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఉండదు. మోడల్ గుర్తు, దాని తర్వాత వరస సంఖ్య, అంతే. సుబారు సెడాన్ అయితే కే111 అని మొదలవుతుంది. హోండా దగ్గర ఈ గుర్తు చాలా పని చేస్తుంది: ఛాసిస్ మీద ఏఎన్600 అనో, ఏజెడ్600 అనో ఉంటే అది అమెరికా కోసమే చేసిన బండి. జపాన్‌లో ప్రధానంగా అమ్మేది 354 సీసీ, అమెరికాకి పంపేది దాదాపు 600 సీసీ. మనకి ఇది కొత్తేమీ కాదు. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన తొలి మారుతి 800లో ఉన్నది 796 సీసీ ఇంజన్. అదే బాడీతో జపాన్‌లో తిరిగిన ఆల్టోకి 550 సీసీ లోపే.

సుబారు మాత్రం చిన్న ఇంజన్‌తోనే అమెరికా వెళ్లింది. 1968లో మాల్కమ్ బ్రిక్‌లిన్ అనే అమెరికా వ్యాపారి దాన్ని దిగుమతి చేయడం మొదలుపెట్టాడు. 1000 పౌండ్ల లోపు, అంటే సుమారు 454 కిలోల లోపు బండ్లకి అప్పటి అమెరికా భద్రతా నియమాలు వర్తించేవి కావు. ఆ సందులోంచి సుబారు దూరింది. ధర 1,297 డాలర్లు. 'చవక, అనాకారి' అని ప్రకటనల్లో వాళ్లే చెప్పుకున్నారు. 1969లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 'ఆమోదయోగ్యం కాదు' అని తేల్చేసింది. గంటకి 50 మైళ్ల వేగం అందుకోడానికి 37 సెకన్లకి పైగా పట్టే బండిని హైవే మీదికి పంపితే ఇంకేమంటారు! మొత్తం మీద సుమారు 10,000 బండ్లు దిగాయి. కాబట్టి అమెరికాలో ఎడమ స్టీరింగ్, మైళ్ల స్పీడోమీటరు ఉన్న సుబారు 360 కనబడితే అది చాలావరకు ఆ సరుకులోదే.

అక్కడే కుడి స్టీరింగ్‌ది కనబడితే కథ వేరు. 25 ఏళ్లు దాటిన బండ్లకి అమెరికా భద్రతా నియమాల నుంచి మినహాయింపు ఉంది. జపాన్‌లో వాడిన బండిని సేకర్తలు ఆ దారిన తెప్పించుకుని ఉంటారు. అయితే కుడి స్టీరింగ్ ఉంది కదా అని వెంటనే జపాన్ అనేయకండి. బ్రిటన్‌కి హోండా ఎన్360, ఎన్600 రెండూ వెళ్లాయి. అక్కడ కుడి స్టీరింగే, కానీ స్పీడోమీటరు మైళ్లలో ఉంటుంది. జపాన్ బండిది కిలోమీటర్లలో ఉంటుంది.

పాత ఫొటోలో నంబర్ ప్లేటు కనిపిస్తే అదృష్టం. 1975కి ముందు జపాన్‌లో కెయి బండ్లకి చిన్న తెల్ల ప్లేటు, ఆకుపచ్చ అక్షరాలు. ఆ తర్వాత వచ్చినవి పసుపు ప్లేటు, నల్ల అక్షరాలు.

ఇంటిపని: అమెరికాలో ఒక బండి అమ్మకానికుంది. స్టీరింగ్ కుడివైపు, స్పీడోమీటరు కిలోమీటర్లలో, ఇంజన్ వెనక, ప్లగ్గులు మూడు, ఛాసిస్ నంబర్ ఎల్‌సీ10తో మొదలవుతోంది. అమ్మేవాడు 'కొత్తగా ఉన్నప్పుడు ఇక్కడి షోరూమ్‌లోనే కొన్నది' అంటున్నాడు. బండి ఏది, అతని మాటలో ఎక్కడ తేడా ఉందో రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో మూడు చక్రాల డైహాట్సు మిడ్జెట్, అది థాయ్‌లాండ్ వెళ్లి టుక్‌టుక్ అయిన సంగతి.