విపత్తులో పశువు చనిపోతే ప్రభుత్వ సాయం కోరే విధానం

వంశధార నది పొంగినా, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ వంటి తుఫాను విరుచుకుపడినా, ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల రైతు పశువును పోగొట్టుకుంటే రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి సాయం కోరవచ్చు. తుఫాను, వరద, కరవు, అగ్నిప్రమాదం, కొండచరియలు విరిగిపడటం వంటి ప్రకటిత విపత్తుల వల్ల జరిగిన నష్టానికే ఇది వర్తిస్తుంది. రోగంతో చనిపోయిన పశువుకు ఇక్కడ అడగడం వృథా ప్రయాస.

2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పాడి ఆవుకు లేదా గేదెకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, దూడకు 20,000, మేకకు లేదా గొర్రెకు 4,000, కోడికి 100 రూపాయలుగా లెక్క కట్టారు. అయితే ఎన్ని పశువులు పోయినా కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువులు, లేదా ముప్పై చిన్న పాడి పశువులు (మేకలు, గొర్రెల వంటివి), లేదా మూడు పెద్ద దుక్కి పశువులు, లేదా ఆరు చిన్న దుక్కి పశువులకు (దూడల వంటివాటికి) మించి లెక్కించరు. కోళ్లకు గరిష్ఠంగా 10,000 రూపాయలే. ఈ సొమ్ముతో మరో మంచి గేదె రాదని అందరికీ తెలుసు, అయినా హక్కుగా వచ్చేదాన్ని వదులుకోనక్కరలేదు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది కళేబరాన్ని పూడ్చకముందు గడిచే ఆ కొద్ది గంటలలోనే. నష్టాన్ని ప్రభుత్వం నియమించిన అధికారి ధ్రువీకరించాలి గనుక, పశువు చనిపోయిన వెంటనే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, దగ్గరలోని పశువైద్యశాలకు కబురు పెట్టాలి. వాన తెరిపి ఇవ్వక, దారులు తెగి, వారు రాలేని పరిస్థితిలో కళేబరాన్ని రోజుల తరబడి ఉంచడం ఊరంతటికీ ప్రమాదం. అప్పుడు చెవికి ఉన్న పసుపు గుర్తింపు బిళ్ల మీది పన్నెండు అంకెలు స్పష్టంగా కనబడేలా ఒక ఫొటో, చుట్టుపక్కల ఇల్లో చెట్టో కనిపించేలా పూర్తి పశువు ఫొటో మరొకటి తీసుకొని, వార్డు మెంబరు, ఇరుగుపొరుగువారి సంతకాలతో చిన్న వాంగ్మూలం రాయించుకొని, బావులకు దూరంగా లోతైన గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. బిళ్లను మాత్రం తీసి దాచాలి. బిళ్ల లేని పశువుకు కొమ్ముల వంపు, మచ్చలు, వయసు రాసిపెట్టుకోవడం మేలు.

దరఖాస్తును తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఒడియా రాయడం రానివారు తెలిసినవారిచేత రాయించి, సంతకం పెట్టేముందు పశువుల సంఖ్యను, రకాన్ని చదివించుకొని వినాలి; పై లెక్కన పాడి గేదె దూడగా నమోదైతే 17,500 రూపాయలు పోయినట్టే.

మన సరిహద్దు ఊళ్లలో తరచుగా వచ్చే చిక్కు పేరుతోనే. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, ఒడిశా రికార్డుల్లో అది చివరకు చేరుతుంది. ఆంధ్ర వైపు పాతపట్నంలో తెరిచిన బ్యాంకు ఖాతాలో ఒక వరుస, ఆధార్‌లో మరొక వరుస ఉంటే సొమ్ము ఖాతాకు చేరకపోవచ్చు. కాబట్టి దరఖాస్తు ఇవ్వకముందే ఆధార్‌ను, పాసుపుస్తకాన్ని పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకొని, తేడా ఉంటే ముందుగా బ్యాంకులో సరిచేయించుకోవాలి.