ఫిజియోథెరపీ విద్యార్థులకు చికిత్స పద్ధతి చేతికి వచ్చేలా ఎలా నేర్పాలి?

నల్లగొండలో పత్తి ఏరే రోజులు అయిపోయాక, చెయ్యి పైకి లేవడం లేదని, జడ వేసుకోలేకపోతున్నామని ఆడవాళ్లు వస్తుంటారు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ పట్టేసిన భుజం మరీ ఎక్కువ. దాని చికిత్స గురించి పరీక్షలో నిండా రెండు పేజీలు రాసిన బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పిల్లలే, ఆ భుజం మీద చెయ్యి వేయమంటే ఆగిపోతారు. చదువు తలలో ఉంది, చేతిలోకి దిగలేదు. దాన్ని దించడానికి నేను పాటించే పద్ధతి ఇది. కొత్తగా పాఠం చెబుతున్నవాళ్లకు, క్లినిక్‌లో ఇంటర్న్‌లకు నేర్పేవాళ్లకు పనికొస్తుంది.

1. ఒక క్లాసుకు ఒక్క టెక్నిక్

మొదట్లో నేను గంటన్నరలో భుజానికి సంబంధించిన నాలుగు మొబిలైజేషన్లు, అంటే బిగిసిన కీలును చేత్తో మెల్లగా కదిలించే పద్ధతులు, చూపించేవాడిని. పిల్లలు తలలూపేవారు. వారం తర్వాత అడిగితే ఒక్కటీ సరిగా వచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కటే తీసుకుంటాను. ఉదాహరణకు భుజం ఎముక తలను కాళ్ల వైపు జరిపే ఇన్‌ఫీరియర్ గ్లైడ్. చెయ్యి పక్కకు లేచేటప్పుడు ఆ తల గూట్లో కిందికి జారాలి. జారకపోతే చెయ్యి లేవదు. టెక్నిక్ వెనుక ఉన్న ఈ ఒక్క కారణం అర్థమైతే సగం పని అయినట్టే.

ఒక బల్లకు ఆరుగురిని మించనివ్వకండి. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. పడుకునే విద్యార్థికి ఎప్పుడైనా భుజం జారిందా అని ముందే అడగాలి. ఇష్టం లేదన్న పిల్లను బలవంతపెట్టకూడదు.

2. నాలుగుసార్లు చూపించాలి, మూడోసారిని వదలకూడదు

చేతి పనులు నేర్పడానికి పేటన్ అనే సర్జన్ చెప్పిన నాలుగు మెట్ల పద్ధతి దీనికి బాగా సరిపోతుంది. మొదటిసారి రోగికి చేసే వేగంతోనే, మాట్లాడకుండా చేయండి. రెండోసారి మెల్లగా, ప్రతి కదలికకూ కారణం చెబుతూ చేయండి. మూడోసారి విద్యార్థి చెబుతుంటే మీరు చేయాలి. నాలుగోసారి విద్యార్థే చెబుతూ చేయాలి.

టైం లేదని చాలామంది మూడోదాన్ని దాటేస్తారు. అసలు నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. "భుజం కిందికి నెట్టండి సార్" అంటుంది ఒక అమ్మాయి. ఆమె చెప్పింది చెప్పినట్టే చేస్తాను, రెండో చెయ్యి గాలిలో ఉంచి. పడుకున్న కుర్రాడి శరీరమంతా పక్కకు వంగుతుంది. "ఆగండి సార్, చంక దగ్గర ఒక చేత్తో పట్టుకోవాలి" అని తనే సరిచేసుకుంటుంది. ఏ వైపుకు నెట్టాలి, చేతిని ఎంత ఎడంగా పెట్టాలి, అరచేతి ఏ భాగం ఆనాలి, ఇలా ఒక్కొక్కటీ ఆమె నోటినుంచే వస్తాయి. ఆ రోజు చెప్పుకున్నది ఆమె మరచిపోదు.

3. బలం ఎంతో చేతికి తెలియాలి

ఇందుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ముల్లు తిరిగే బరువు మిషన్‌ను బల్ల మీద పెట్టండి. అరచేత్తో నొక్కి ముల్లును 5 కిలోల దగ్గర నిలబెట్టమనండి. మొదట అందరూ బొటనవేళ్లతో నొక్కుతారు, ముల్లు వణుకుతుంది. మోచేతులు చాచి, ఒంటి బరువును ముందుకు వాల్చమనండి, ముల్లు నిలుస్తుంది. తర్వాత కళ్లు మూసుకుని అదే 5 కిలోలు తెప్పించమనండి. అది కుదిరాక ముల్లును 2కీ 5కీ మధ్య ఒకే లయలో ఊపమనండి. ఇది చేతికి నిలకడ నేర్పడానికే. రోగికి ఎంత బలం వాడాలో రోగి కీలే చెబుతుంది.

ఈ లయ కుదిరాకే మెయిట్‌ల్యాండ్ గ్రేడ్లు చెప్పండి. కీలును ఎంత దూరం, ఎంత పెద్దగా ఊపాలో ఫిజియోథెరపిస్ట్ మెయిట్‌ల్యాండ్ చేసిన నాలుగు మెట్లు ఇవి. బోర్డు మీద ఒక గీత గీసి, బిగువు ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టండి. ఒకటో గ్రేడ్ కదలిక మొదట్లోనే చిన్న ఊపు. రెండోది పెద్ద ఊపు, కానీ బిగువు దాకా పోదు. మూడోది బిగువులోకి పోయే పెద్ద ఊపు. నాలుగోది బిగువులోనే చిన్న ఊపు. నొప్పి ఎక్కువుంటే మొదటి రెండూ, బిగుసుకుపోయి ఉంటే తర్వాతి రెండూ.

4. ఎప్పుడు చేయకూడదో అదే క్లాసులో చెప్పాలి

మన జిల్లాలో దీన్ని తర్వాత చూద్దామని వదిలేయకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్ ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి దాటిన నీళ్లు తాగితే ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లలో సున్నం చేరి వెన్ను, కీళ్లు బిగుసుకుంటాయి. ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది, గట్టిదేమో అనిపిస్తుంది, కానీ విరగవచ్చు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి. అయినా అప్పటికే మారిన ఎముక వెనక్కి రాదు. అలాంటి కీలును నాలుగో గ్రేడ్‌తో లొంగదీయబోతే ప్రమాదం.

ఎముక అడ్డుపడి ఆగే కీలుకూ, చుట్టూ ఉన్న కండ, పొర బిగిసి ఆగే కీలుకూ ఉన్న తేడాను పిల్లలు తమ ఒంటి మీదే తెలుసుకోవచ్చు. మోచేతిని పూర్తిగా చాపితే ఎముకకు ఎముక తగిలి టక్కున ఆగుతుంది. అదే మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పితే, తోలు సాగినట్టు కొంచెం సాగి ఆగుతుంది. రోగి భుజం రెండోదానిలా ఆగితే మన చికిత్సకు చోటుంది. సాగాల్సిన చోట టక్కున ఆగితే చెయ్యి తీసేసి ఎక్స్‌రే చూడాలి.

పక్షవాతం వచ్చిన చేతిని పట్టి గుంజి మనిషిని లేపకూడదు, తాటిచెట్టు మీదినుంచి పడ్డ గీత కార్మికుడి వెన్నును పరీక్షలు చూడకుండా ముట్టకూడదు. ఈ రెండూ గోడ మీద రాసి పెట్టండి.

5. రోగి మాట నేర్పాలి

పుస్తకంలో పెయిన్, స్టిఫ్‌నెస్ అని ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చిన అవ్వ "గుంజుతుంది" అంటుంది, "సలుపుతుంది" అంటుంది, "తిమ్మిర్లు" అంటుంది. ఇవి మూడు వేరు వేరు సంగతులు. అడిగి తేల్చుకోవడం రావాలి. "రిలాక్స్ అవ్వండి" అని విద్యార్థి అంటే ఆమెకు టెన్షన్ పెరిగి చెయ్యి ఇంకా బిగబడుతుంది. "అవ్వా, చెయ్యి నాకు ఇడిసిపెట్టు, నువ్వు లేపకు" అంటే, ఆ చేతి బరువు మొత్తం మన చేతిలోకి వస్తుంది. క్లాసులో ఒకరిని రోగిగా పెట్టి ఇంటిభాషలోనే మాట్లాడించండి. మొదట నవ్వుతారు, పది నిమిషాల్లో కుదురుకుంటారు.

6. సరిదిద్దడం, పరీక్షించడం

చేసిన విద్యార్థిని ముందు అడగండి, తర్వాత బల్ల మీద పడుకున్నవాడిని. "నీ వేళ్లు గుచ్చుకున్నాయి రా" అని స్నేహితుడు చెప్పింది మనం చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది. ఆఖరున మీరు ఒక్క తప్పే చెప్పండి.

వారం తర్వాత ముందుగా చెప్పకుండా ఐదు నిమిషాల ఓస్కీ (చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష) పెట్టండి. అనుమతి అడిగాడా, చేయకూడని స్థితులు చూశాడా, చికిత్సకు ముందూ తర్వాతా కీలు ఎంత కదులుతుందో గోనియోమీటర్‌తో (కోణం కొలిచే సాధనం) కొలిచాడా అన్నవాటికి కూడా మార్కులుండాలి.

ఇక రోగి దగ్గరికి. మొదటి రోజు విద్యార్థి చేతి మీద మీ చెయ్యి ఉండాలి, ఎంత నొక్కుతున్నాడో మీకు తెలియాలి. మెల్లగా మీ బరువు తీసేస్తూ రండి. పూర్తిగా తీశాక అతని చేతులకేసి చూడకండి, అవ్వ ముఖం చూడండి. కనుబొమలు ముడిపడితే విద్యార్థి తనంతట తానే ఆగాడా లేదా, అది చూసుకోండి. ఆగినవాడికి రెండో రోగిని ఇవ్వవచ్చు.