మూతి వంకర పోయిందా? ముందు గడియారం చూడండి

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోతుంది. ఏమైందని అడిగితే మాట ముద్దగా వస్తుంది. "ఏదో తిమ్మిరెక్కింది, కాసేపు పడుకుంటే అదే పోతుంది" అంటారు పెద్దాయన. ఇంట్లోవాళ్ళూ సరేనంటారు. పక్షవాతానికి వైద్యం చేజారిపోయేది చాలాసార్లు ఆ మంచం మీదే.

ఎందుకంటే నొప్పి ఉండదు. గుండెపోటు వచ్చిన మనిషి ఛాతీ పట్టుకుని కూలబడితే ఊరంతా పరిగెడుతుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. రక్తం అందక కణాలు చచ్చిపోతున్నా చాలామందికి ఏ బాధా ఉండదు. మెదడులో రక్తనాళం చిట్లి రక్తం కారిన కేసుల్లో మాత్రం భరించలేని తలనొప్పి, వాంతులు రావచ్చు. ఇంకో చిక్కు ఉంది. మెదడు కుడి సగం దెబ్బతింటే ఎడమ చెయ్యి, కాలు పడిపోతాయి. దాంతోపాటు, పడిపోయాయని గుర్తించే శక్తి కూడా కొందరిలో పోతుంది. ఎడమ చెయ్యి ఎత్తమంటే కుడి చెయ్యి ఎత్తి "ఎత్తానుగా" అంటారు. మొండితనం అనుకుంటాం గానీ, ఆయనకి నిజంగానే తెలియదు. అందుకే రోగి "నాకేం కాలేదు" అన్న మాటని లెక్కలోకి తీసుకోకండి.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 శాతం. దాచుకునే కొట్టు లేదు, ఎప్పటికప్పుడు రక్తం అందాల్సిందే. 100 గ్రాముల మెదడుకి నిమిషానికి దాదాపు 50 మి.లీ. రక్తం పారుతుంది. అది 20కి పడిపోతే కణాలు పని ఆపేస్తాయి కానీ బతికే ఉంటాయి. 10కి దిగితే నిమిషాల్లో చచ్చిపోతాయి. నాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడినప్పుడు, ఆ నాళం రక్తమిచ్చే చోట నడిమి భాగం త్వరగా పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం పక్క నాళాల నుంచి వచ్చే అరకొర రక్తంతో నెట్టుకొస్తుంటుంది, నీరందని మడిలో ఆకు వాడినా వేరు బతికున్నట్టు. తొలి గంటల వైద్యమంతా ఆ భాగం కోసమే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్ట్ లెక్క కట్టారు.

ఒక్క నిమిషంలో పరీక్ష

పళ్ళు కనిపించేలా నవ్వమనండి. ఒక మూల కిందకి జారిందా చూడండి. కళ్ళు మూయించి, అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ముందుకు చాపమనండి, 10 సెకన్లు. ఒక చెయ్యి మెల్లగా కిందకి దిగినా, అరచెయ్యి లోపలికి తిరిగినా లెక్కే. తర్వాత "ఇవాళ మన ఇంట్లో పప్పుచారు చేశారు" లాంటి ఒక పూర్తి వాక్యం తిరిగి చెప్పమనండి. మాట ముద్దగా రావడం ఒక రకం. మాట స్పష్టంగా ఉండి అర్థం లేకుండా పోవడం, మీరు చెప్పింది అర్థం కాకపోవడం మరో రకం. రెండూ ప్రమాదమే. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా చాలు, మిగతావి కూడా వస్తాయేమోనని ఎదురుచూడకండి.

మెదడు వెనక భాగంలో వచ్చే స్ట్రోక్ (పక్షవాతాన్నే ఇలా అంటారు) ఈ పరీక్షకి దొరక్కపోవచ్చు. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించడం, ఒక పక్క చూపు పోవడం, తాగినవాడిలా తూలడం దాని గుర్తులు. దీన్ని "గ్యాస్", "పైత్యం" అని తోసేస్తుంటారు.

గంట రాసుకోండి

అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే, అందరూ తప్పు చెప్పేదీ ఇదే. డాక్టరు అడిగేది ఎప్పుడు గమనించారని కాదు, చివరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారని. రాత్రి 10కి పడుకుని పొద్దున 6కి చెయ్యి పడిపోయి లేస్తే లెక్క 10 నుంచే మొదలు. మధ్యలో 3 గంటలకి తనంతట తాను బాత్రూంకి నడిచి వెళ్ళడం ఎవరైనా చూసి ఉంటే 3 నుంచి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు సాధారణంగా 4.5 గంటలు. కాబట్టి ఆ ఒక్క మాటతో రోగి గడువు లోపలికి రావచ్చు. గడువు దాటిందని ఇంట్లోనే తేల్చేయకండి. పెద్ద నాళంలోని గడ్డని గొట్టం ద్వారా బయటికి లాగే వైద్యం 6 గంటల వరకు, స్కాన్ అనుకూలంగా ఉన్న కొందరికి 24 గంటల వరకు చేస్తారు.

108కి ఫోన్ చేసి "పక్షవాతం లక్షణాలు" అని చెప్పండి. ఒట్టి "నీరసం" అంటే కేసు తీవ్రత తెలియదు. సొంత బండిలో బయల్దేరితే ముందుగా ఆస్పత్రికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు: ఇప్పుడు సీటీ స్కాన్ పనిచేస్తోందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా? రెండిట్లో ఏది లేకపోయినా, వీధి చివర ఉందని అక్కడికి తీసుకెళ్తే ఓ సెలైన్ పెట్టి, గంట తర్వాత వేరేచోటికి రాసిస్తారు.

అంబులెన్స్ వచ్చేలోపు ఒక కాగితం మీద ఇవి రాయండి: రోజూ వేసుకునే మాత్రలు, ముఖ్యంగా అసిట్రోమ్, వార్ఫరిన్, డాబిగాట్రాన్ లాంటి రక్తం పలచబరిచేవి, చివరి డోసు ఎప్పుడు వేసుకున్నదీ, 14 రోజుల్లో పెద్ద ఆపరేషన్, 3 నెలల్లో తలకి దెబ్బ ఏమైనా ఉందా, బరువు ఎంత. బరువు ఎందుకంటే మందు మోతాదు దాన్నిబట్టే. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ అనే మందు కిలోకి 0.9 మి.గ్రా., గరిష్ఠంగా 90. 60 కిలోల మనిషికి 54 మి.గ్రా. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు ఎక్కిస్తారు.

గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడండి. బాగా పడిపోయిన షుగర్ కూడా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది. 70 కంటే తక్కువ ఉంటే అంబులెన్స్ వాళ్ళకి ఆ అంకె చెప్పండి, నరంలోకి గ్లూకోజ్ ఇస్తారు. మూతి జారి మాట పోయిన మనిషి నోట్లో పంచదార నీళ్ళు పోయకండి.

ఇంట్లో జరిగే తప్పులు

మంచినీళ్ళు, కాఫీ, మాత్ర ఏదీ నోటికి వద్దు. మూతితోపాటు గొంతు కండరాలూ పట్టు తప్పి ఉండవచ్చు. మింగింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు.

"గుండెకి ఇచ్చారు కదా" అని ఆస్పిరిన్ ఇవ్వడం మరో పొరపాటు. గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు, పెద్ద న్యూరాలజిస్ట్ అయినా సరే. చిట్లిన కేసులో ఆస్పిరిన్ ఆ రక్తస్రావాన్ని పెంచుతుంది.

బీపీ 180 ఉందని కంగారుపడి ఇంకో మాత్ర వేయడం అన్నిటికంటే మోసం. అడ్డుపడిన చోటుకి పక్కదారుల్లో రక్తం నెట్టడానికి ఒళ్ళే బీపీ పెంచుకుంటుంది. ఒక్కసారిగా దించితే ఆ అరకొర రక్తమూ ఆగిపోతుంది. ఇంజెక్షన్ ఇవ్వడానికి 185/110 లోపు ఉండాలి. ఆ దించడం కూడా ఆస్పత్రిలో, మానిటర్ చూస్తూ చేస్తారు.

వేళ్ళకి సూది గుచ్చి రక్తం తీయమనే వాట్సాప్ మెసేజ్, పావురం రక్తం పూయడం, పసరు మందు: వీటిలో దేనివల్లా నాళంలోని గడ్డ కదలదు. నూనె మర్దన ఆ గంటలో చేసే పని కాదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగకండి. కండరాల పట్టు లేని భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఫిజియోథెరపీకి అడ్డొస్తుంది. కట్టుడు పళ్ళుంటే తీసేసి, మత్తుగా ఉన్నా వాంతి అవుతున్నా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

స్కాన్ గదిలో

"స్కాన్ నార్మల్ అన్నారు, ఏం లేదట" అని సంతోషపడి ఇంటికి బయల్దేరేవాళ్ళున్నారు. సీటీలో కారిన రక్తం వెంటనే తెల్లగా కనిపిస్తుంది. గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్ తొలి గంటల్లో అసలు కనిపించకపోవచ్చు. లక్షణాలు ఉండి స్కాన్ శుభ్రంగా ఉందంటే, రక్తస్రావం లేదు, ఇంజెక్షన్‌కి ఆలోచించవచ్చు అని అర్థం. అప్పుడే సంతకం అడుగుతారు. ఆ ఇంజెక్షన్‌తో వందలో దాదాపు ఆరుగురికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం కావచ్చని డాక్టరు చెప్తారు. అది నిజమే. బయట పెద్దబ్బాయికి, బావగారికి ఫోన్లు కలిపేలోపు అరగంట పోతుంది. దారిలో ఉండగానే ఆ మాట మాట్లాడుకుని ఎవరు సంతకం పెట్టాలో అనుకోండి.

పది నిమిషాల్లో అంతా సర్దుకుంటే? దాన్ని చిన్న స్ట్రోక్ అంటారు. గడ్డ తనంతట కరిగింది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు అలాగే ఉంది. పెద్దది వచ్చే ప్రమాదం తొలి 48 గంటల్లోనే ఎక్కువ. "సోమవారం చూపిద్దాం" అనకుండా అదే రోజు వెళ్ళండి. మెడ నాళాల డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్), ఈసీజీ, మెదడు స్కాన్ అడగండి. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే మందే మారిపోతుంది. ఈ కేసులో కూడా ఏ గంటకి మొదలై ఏ గంటకి తగ్గిందో రాసుకెళ్ళండి. డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ కాగితమే.