గాంధీజీ ఆట వెనక్కి వెళ్తోందా? ముందు తేదీ చూడండి

గాంధీజీ జీవితం మీద పిల్లల కోసం చేసిన ఆట ఇది. పోర్‌బందర్‌లో మొదలై లండన్, దక్షిణాఫ్రికా, చంపారన్ మీదుగా 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం దాకా సాగుతుంది. బడి ల్యాబుల్లో దీన్ని ఎన్నిసార్లు బాగుచేశానో లెక్క లేదు. ఎవరు పిలిచినా మొదటి మాట ఒకటే: "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశామండీ, అయినా అంతే." అది అన్నిటికంటే ఆఖరున చేయాల్సిన పని.

మాటలు వినిపించడం లేదు: హెడ్‌ఫోను పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉందా? గులాబీ రంగుది మైకుది.

తెలుగు అక్షరాల చోట డబ్బాలు: తెలుగు ఫాంటు లేదు. వేసుకుని ఆటను మూసి మళ్లీ తెరవండి.

సరైన జవాబే రాసినా తప్పంటోంది: ప్రశ్న ఇంకోసారి చదవండి. గాంధీజీ దండి చేరింది ఏప్రిల్ 5న, ఉప్పు చేతపట్టింది 6న. ఎప్పుడు చేరారని అడిగితే 6 అని రాసి ఆటను తిట్టకూడదు. ఈ ఫిర్యాదు పిల్లల కంటే టీచర్ల నుంచే ఎక్కువ.

శనివారం ఆడినదంతా సోమవారానికి మాయం: నన్ను ఏడిపించింది ఇదే. ఒక బడిలో ఐదో తరగతి పాప సబర్మతి నుంచి 24 రోజుల నడక పూర్తిచేసి దండి చేరింది. సోమవారం "కొనసాగించు" నొక్కితే 1893లో, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో, గాంధీజీని రైల్లోంచి దింపేసిన చోట తేలింది. నేనూ అందరిలాగే ఆటనే అనుమానించాను, డిస్కు కూడా మార్చాను. మూడో సోమవారం కానీ తెర మూలనున్న తేదీ కంటపడలేదు: 1 జనవరి 2009.

జరిగేది ఇది. మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీద నాణెమంత బిళ్ల బ్యాటరీ ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయినా ప్లగ్గుకు కరెంటు అందుతున్నంత కాలం గడియారం మామూలుగానే నడుస్తుంది. శనివారం సాయంత్రం ల్యాబు మెయిన్ ఆపేస్తారు, తేదీ కాస్తా ఏళ్ల వెనక్కి పోతుంది. ఎవరూ సరిచేయకపోతే వారమంతా ఆ పాత తేదీలోనే సాగుతుంది, శనివారం సేవ్ చేసిన దండికీ అదే ముద్ర పడుతుంది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది కాబట్టి మంగళవారం వెళ్లి చూస్తే ఏ తప్పూ దొరకదు. ఇంటర్నెట్ ఉన్న యంత్రంలో తేదీ కాసేపటికి దానంతటదే సర్దుకుని మనల్ని ఇంకా తికమక పెడుతుంది.

"కొనసాగించు" మాత్రం తేదీని బట్టి అన్నిటికంటే కొత్త సేవ్ ఫైలును తెరుస్తుంది. 2009 తేదీ ముద్ర పడిన దండి ఫైలు దాని దృష్టిలో పాతది. అంటే పాప ఆట ఎక్కడికీ పోలేదు, జాబితా అట్టడుగున ఉంది. అసలు ప్రమాదం తరువాత వస్తుంది: ఈ ఆట ఒక్కో పేరు మీద ఐదు ఫైళ్లే ఉంచుతుంది, ఆరోది రాగానే పాత తేదీ ఉన్నదాన్ని చెరిపేస్తుంది. చెరిగేది దండే.

కాబట్టి ఆట తెరవకముందే సేవ్ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పక్క మూత తీసి బిళ్ల మార్చండి. చాలావాటికి సీఆర్2032 సరిపోతుంది, పాతదాని మీద రాసి ఉన్నది చూసి అదే కొనండి, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మూల సెట్టింగుల తెర) తేదీ, సమయం సరిచేసి సేవ్ చేయండి. తరువాత ఆటలో "కొనసాగించు" జోలికి పోకుండా జాబితాలోంచి దండిని తెరిచి, వెంటనే మళ్లీ సేవ్ చేయండి. కొత్త ముద్ర పడ్డాక "కొనసాగించు" దారిలోకి వస్తుంది. తేదీ ఒక్కటే మార్చి బిళ్లను వదిలేస్తే వచ్చే సోమవారం నన్నే పిలుస్తారు.

వైరస్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అంటారా? ఈ ఆట విషయంలో వాటి దాకా వెళ్లాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు.