సుఖం కోసం కట్టిన సైకిల్ ఇంకా కుదుపుతోందా? ఫ్రేమును తప్పుపట్టే ముందు టైరు చూడండి

సమస్య: బరువు కాస్త పెరిగినా ఫరవాలేదు, ఒళ్లు హూనం కాకుంటే చాలనుకుని సైకిల్ కట్టారు. స్టీలు ఫ్రేము, 38 మి.మీ. టైర్లు, వెడల్పాటి సీటు. అయినా గరుకు రోడ్డెక్కితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, నడుం పట్టేస్తోంది.

ముందు గాలి చూడండి. చూశామంటారు, చూడరు. టైరు పక్కన అచ్చేసిన 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటకూడని హద్దు, అంతా కొట్టమని కాదు. మనిషి 75 కిలోలుంటే ఈ టైరుకి వెనక 45, ముందు 40తో మొదలుపెట్టి, రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ తొక్కి చూడండి. 160 దాకా అంకెలున్న పంపు గేజీని 40 దగ్గర నమ్మకండి. తక్కువ ప్రెషర్ గేజీ ఒకటి విడిగా ఉంచుకోండి. కొత్త సీటు, కొత్త ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కవ) కొన్నాక కూడా కుదుపు తగ్గలేదని నా దగ్గరికొచ్చిన సైకిళ్లలో చాలావాటికి వాల్వు నొక్కి గాలి తీస్తే సరిపోయింది.

గాలి తగ్గించినా రోడ్డు గరగర చేతుల్లోకి వస్తూనే ఉంది, పైగా మలుపుల్లో సైకిల్ ఊగుతోంది. ఇలా రెండూ కలిసి కనిపిస్తే కారణం టైరు గుడ్డ, అంటే రబ్బరు లోపలి దారాల పొర, మొండిగా ఉండటం. ఎంతోమందిని తిప్పలు పెట్టేది ఇదే. ఎందుకంటే పైకి ఏమీ తెలియదు: వెడల్పు సరిగ్గానే ఉంటుంది, టైరు కొత్తదే. కానీ పంక్చరు కాకుండా లోపల మందపాటి రబ్బరు పట్టీ, పక్కల్లో మరో పొర వేసి ఉంటారు. చిన్న రాయి తగిలినప్పుడు టైరు అక్కడికక్కడే లోపలికి వంగాలి. వంగకపోతే చక్రం మొత్తం పైకి లేస్తుంది, ఆ దెబ్బ మీకు తగులుతుంది.

గాలి పూర్తిగా తీసేసి సైకిల్‌ని నిలబెట్టండి. మెత్తని టైరు సైకిల్ బరువుకే రిమ్ము కింద చదునుగా నలిగిపోతుంది. మొండి టైరు గాలి లేకున్నా గుండ్రంగా నిలబడుతుంది. తర్వాత పక్కగోడను బొటనవేలు, చూపుడువేలు మధ్య మడవండి. మందపాటి చెప్పు తోలులా ఎదురుతిరిగితే ఇక అనుమానం అక్కర్లేదు. డబ్బా మీది టీపీఐ అంకె (గుడ్డలో అంగుళానికి ఎన్ని దారాలో చెప్పేది) ఒక్కటే చూసి నిర్ణయించొద్దు, కొన్ని కంపెనీలు పొరలన్నిటి దారాలూ కలిపి రాస్తాయి.

పరిష్కారం: అదే వెడల్పులో పక్కలు పలచగా, పట్టీ లేకుండా ఉన్న టైరు. ఫ్రేములో చోటుంటే ఇంకో సైజు పెద్దది వేయండి, ఆ వంద గ్రాములకు వెనకాడకండి. ట్యూబు కూడా పలచనిదే వేయండి. లేటెక్స్ ట్యూబు చాలా బాగుంటుంది కానీ రోజూ గాలి కొట్టాలి. పంక్చర్ల భయముంటే, టైరూ రిమ్మూ రెండూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవైతే, సీలెంటు (చిల్లుల్ని లోపలి నుంచి పూడ్చే ద్రవం) పోసి వాడండి. రెండు టైర్లూ ఒకేసారి మార్చలేకపోతే, చేతులు తిమ్మిరెక్కేవాళ్లు ముందుది మార్చాలి. పంక్చర్లు ఎక్కువగా వెనక చక్రానికే అవుతాయి కాబట్టి మొండి టైరు అక్కడే ఉండనివ్వండి.

నడుం నొప్పి మాత్రమే మిగిలితే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో, హ్యాండిల్ మరీ కిందికి ఉందేమో చూడండి. సీటు పోస్టు (సీటును మోసే గొట్టం) 27.2 మి.మీ. లావుది, బయటికి పొడుగ్గా ఉన్నదైతే కొంత వంగుతుంది.

స్పోకుల బిగువు తగ్గించమని ఎవరైనా చెబితే వినకండి. చక్రం పైకీ కిందికీ వంగేది మిల్లీమీటరులో ఏ కాస్తో, టైరు నలిగేది ఐదారు మిల్లీమీటర్లు. డిస్కు బ్రేకుల కోసం లావుగా చేసిన ఫోర్కు తక్కువ వంగుతుందన్నది నిజమే, కానీ టైరు మార్చి చూశాకే దాని సంగతి. ఫ్రేము మార్చాల్సి వచ్చే కేసులు బాగా అరుదు.