ల్యాప్‌టాప్ రిపేరు నేర్చుకుందాం – 3వ పాఠం: కొత్త డిస్క్ పడుతుందా, పట్టదా?

పోయిన పాఠంలో ఫైళ్లన్నీ వేరే చోటికి ఎక్కించుకున్నారు కదా. ఎక్కించనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి. ఈవేళ్టికి ఒక స్క్రూడ్రైవరు, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు.

నా తప్పు చెప్పి మొదలుపెడతాను. మేం ఉండేది విజయనగరంలో. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కి హార్డ్ డిస్క్ కోసం విశాఖ వెళ్లి, 'రెండున్నర అంగుళాల సాటా' (సాటా అంటే డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించే ఒక రకం కనెక్టరు) అని అడిగి తెచ్చాను. ఇంటికొచ్చి పెడితే కనెక్టరు చక్కగా కూర్చుంది. కానీ "మావయ్యా, మూత పడట్లేదు!" అన్నాడు వాడు. పాతదాని మందం 7 మిల్లీమీటర్లు, నేను తెచ్చింది 9.5. మర్నాడు మళ్లీ బస్సెక్కాను.

కాబట్టి ముందు మందం. ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జరు పీకి, బ్యాటరీ తీసేసి (లోపల ఉండే రకమైతే దాని వైరు ఊడదీసి) డిస్క్ బయటికి తీయండి. చుట్టూ రేకు ఫ్రేము ఉంటే దాన్ని కూడా విప్పండి. ఆ ఫ్రేము, స్క్రూలు కొత్తదానికి కావాలి, పారేయకండి. డిస్క్‌ని బల్ల మీద పెట్టి పక్కన స్కేలు నిలబెట్టండి. ఇక్కడో చిక్కుంది. చాలా స్కేళ్లలో సున్నా సరిగ్గా అంచు నుంచి మొదలవదు, కాస్త ఖాళీ ఉంటుంది. అందుకే స్కేలుని బల్ల అంచు దగ్గర పట్టుకుని, సున్నా గీత బల్ల మట్టానికి వచ్చేదాకా కిందికి జార్చి అప్పుడు చదవండి. వెడల్పు కొలిస్తే దాదాపు 70 మిల్లీమీటర్లు, అంటే రెండుముప్పావు అంగుళాలు వస్తుంది. గాబరా పడకండి, రెండున్నర అన్నది లోపల తిరిగే పళ్లెం లెక్క.

9.5 చోట 7 పడుతుంది, సందు పూడ్చడానికి 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాలి. అట్టముక్క మడిచి దోపేవాళ్లున్నారు, నాకది నచ్చదు. 7 చోట 9.5 మాత్రం పట్టదు.

తర్వాత కనెక్టరు. పక్కపక్కనే రెండు బద్దలు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఉంటే సాటా. సూదుల్లాంటి పిన్నులు రెండు వరసలుంటే పాత ఐడీఈ, దానికి సాటా డిస్క్ తగలదు.

డిస్క్ బదులు చూయింగ్ గమ్ బిళ్లలా సన్నటి కార్డు కనిపిస్తే అది ఎం.2. దాని మీది 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. ల్యాప్‌టాప్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని బట్టి వీటిలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కార్డు అంచున ఉండే గాట్లు లెక్కపెట్టి తేల్చేయకండి, మీ మోడల్ మాన్యువల్‌లో ఏ రకమని ఉందో చూడండి.

అభ్యాసం: మీ డిస్క్ మందం, కనెక్టరు రకం, లేబుల్ మీది మోడల్ నంబరు ఒక చీటీలో రాసి, లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ చీటీతోనే కొట్టుకి వెళ్లండి. వచ్చే పాఠంలో విండోస్‌ని కొత్త డిస్క్‌లోకి మారుద్దాం.